పిల్లా గిల్లా

మే 4

అక్కకి,

ఈ ఉత్తరంతో పాటు రెండు వస్తున్నాయి. ఒకటి పాకెట్టు, రెండోది నా కూతురు. రెండూ జాగ్రత్తగా దింపుకో. పాకెట్టు తడవకూడదు, పాప ఎండలో తిరగకూడదు. మా ఆఫీసు డ్రైవరు అందినట్టు సంతకం అడుగుతాడు. ఏమీ అనుకోకు, అది మా పద్ధతి.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు. కానీ నువ్వు ఫోను ఎత్తవు కదా! "ఫోనులో నువ్వు ఒక్క నిమిషం అంటావు, ఉత్తరంలో అనలేవు" అన్నావు కిందటిసారి. సరే, ఇదిగో ఉత్తరం.

సంగతేమిటంటే, మా సంస్థ ఒక పెద్ద నవల వేసింది. పిల్లల కోసం. ఏడు వందల పేజీలు. ఒక రాజ్యంలో మాటల్ని మింగేసే మృగం ఉంటుంది. అది ఏ మాట మింగితే ఆ మాట ఇంకెవరి నోటా రాదు. కథ గొప్పగా ఉందని అందరూ అంటున్నారు, చదివినవాళ్ళు మాత్రం ఇంకా దొరకలేదు. అందుకని డైరెక్టరుగారు, పిల్లల చేత ఆడిస్తూ పాడిస్తూ చదివించడానికి ఒక కృత్యాల పుస్తకం తయారు చెయ్యమని నాకు అప్పగించారు. పాకెట్టులో ఉన్నవి ఆ కృత్యాలే. గ్రంథాలయంలో నీ పిల్లల గది ఉంది కదా, సెలవుల్లో వచ్చే పిల్లల మీద వీటిని ప్రయోగించి, అభ్యసన ఫలితాలు రాసి పంపాలి.

ఇది ఫలిస్తే బాలల విభాగానికి నేనే అధిపతిని. ఫలించకపోతే మా విభాగాన్ని పోటీ పరీక్షల గైడ్ల విభాగంలో కలిపేస్తారు. అక్కడ ఎవరైనా "బాగున్నారా" అంటే నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. నా బతుకు నీ చేతుల్లో ఉందక్కా.

మా ఆయన ఓడ ఇంకా సముద్రంలోనే ఉంది. ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం తప్పకుండా వస్తానని పాపతో చెప్పాను. నువ్వూ చెప్పు.

నీ చెల్లెలు,
డిప్యూటీ మేనేజరు, బాలల విభాగం
(ముద్ర అలవాటులో పడిపోయింది, కొట్టేసుకో)


మే 9

పిచ్చుకకి,

ఆశీస్సులు. పాకెట్టు, పిల్ల అందాయి. పాకెట్టే బరువుగా ఉంది.

డ్రైవరు సంతకం పెట్టించుకున్నాడు, "సరుకు మంచి స్థితిలో అందినది" అన్నచోట. ఏ సరుకు నాయనా అన్నాను. "రెండిటికీ ఒకటే కాగితమండీ" అన్నాడు.

నా గది నీకు తెలిసిందే. ఒక పొడవాటి బల్ల, కాళ్ళు సమంగా లేని కుర్చీలు, మాట వినని పంకా. ఇప్పుడు రోజూ వచ్చేవాళ్ళు బేకరీ ఆయన కూతురు, కవలలు, టైలరు మనవడు, నీ కూతురు. మొదటి కాగితం తీసి "కృత్యం ఒకటి" అని చదివాను. కవలల్లో పెద్దవాడు చెయ్యెత్తి, "కాలకృత్యాలా టీచర్?" అన్నాడు. ఆ తర్వాత మృగం లేదు, రాజ్యం లేదు. బేకరీ ఆయన కూతురు నవ్వి నవ్వి నిజంగానే వెళ్ళి రావలసి వచ్చింది. కాబట్టి కృత్యం ఒకటి నెరవేరిందనే రాసుకో.

రెండోది "జతపరచండి". ఒక పక్క మృగం, రాణి, అడవి, సింహాసనం. రెండో పక్క త్యాగం, క్రూరత్వం, రహస్యం, అధికారం. పిల్లలు రెండో పక్కకి వెళ్ళనే లేదు. మృగానికి రాణినిచ్చి జతపరిచారు. పెళ్ళిపత్రిక కూడా గీశారు. మీ జవాబుల పట్టీలో ఇది కనబడలేదు.

నవల చదివాను. మృగం మాటలు మింగుతుందన్నారు. రచయితగారి జోలికి అది వెళ్ళినట్టు లేదు.

నీ కూతురు పెట్టింది తింటుంది, చెప్పింది చేస్తుంది, అడిగినదానికి జవాబిస్తుంది. నాకు అదే బాగాలేదు. ఆదివారం రా.

ప్రార్థనలో నీ పేరు చెప్పాను. మీ డైరెక్టరుగారికోసం కూడా అడిగాను. ఆయన పేరు తెలియక "ఆయన" అన్నాను. దేవుడు ఇంకెవరికైనా మేలు చేస్తే నా పూచీ లేదు.

అక్క


మే 14

అక్కకి,

నీ అభిప్రాయాలు అందాయి. ఎంత ఉపయోగపడ్డాయో చెప్పలేను.

"కృత్యం" మాట మీద వెంటనే మీటింగు పెట్టాం. "పని" అందామంటే పిల్లల చేత పని చేయించడం నేరం అన్నారు. "ఆట" అంటే బడులు కొనవు. "చేష్ట" అంటే తల్లిదండ్రులు కొనరు. నేను లేచి "చేత" అన్నాను. డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి, "చేత తృతీయా విభక్తి కదమ్మా" అన్నారు. అందరూ చప్పట్లు. చివరికి "కృత్యం" అనే ఉంచాం. కింద చిన్న అక్షరాలతో "కాలకృత్యం కాదు" అని వేస్తున్నాం.

మృగానికీ రాణికీ పెళ్ళి చేశారంటే రచయితగారికి కోపం వచ్చింది. "ఆవిడ పన్నెండో అధ్యాయంలోనే చనిపోయింది, పిల్లలు అక్కడిదాకా రాలేదన్నమాట" అన్నారు. కానీ నువ్వు రాసిన వాక్యం చదివి వినిపిస్తే మాత్రం పొంగిపోయారు. అదే, మృగం ఆయన జోలికి వెళ్ళలేదని. "నిజమే, ఏ మృగమూ నా కలాన్ని ఆపలేకపోయింది" అన్నారు. కృత్యాల పుస్తకం వెనక అట్ట మీద వేస్తారట. నీ పేరు వేయమంటావా, "ఒక గ్రంథపాలకురాలు" అంటే చాలా?

పాప చెప్పిన మాట వింటోందని రాశావు. నాకెంత ధైర్యంగా ఉందో. ఇక్కడ ఉన్నప్పుడు ఒక్కటీ వినేది కాదు.

ఈ ఆదివారం రావడం కుదరడం లేదు. రచయితగారితో ఫొటోలున్నాయి. వచ్చే ఆదివారం ఖాయం.

ఇంకో కృత్యం పంపుతున్నాను, ఇది నా సొంత ఆలోచన. మృగం "మ" అక్షరాన్ని మింగేసింది. ఒక రోజంతా "మ" లేకుండా మాట్లాడాలి. గుణింతం వచ్చినా తప్పే, ఒత్తు వచ్చినా తప్పే.

నీ చెల్లెలు,
డిప్యూటీ మేనేజరు, బాలల విభాగం


మే 19

పిచ్చుకకి,

ఆశీస్సులు. వెనక అట్ట మీద పేరు వద్దు. అబద్ధం ఆడకూడదు గానీ మౌనంగా ఉండవచ్చు.

మొదటిసారి మీ కాగితం పనిచేసింది. బేకరీ ఆయన కూతురు మంచినీళ్ళు అనలేక "తాగే నీళ్ళు" అంది. కవలలకి వాళ్ళ మామయ్య "తల్లి సోదరుడు" అయిపోయాడు. టైలరు మనవణ్ణి నువ్వెవరి తాలూకు అంటే, "టైలరు కొడుకు కొడుకుని" అన్నాడు, దర్జాగా. "నేను కాదు" అనడానికి ఇబ్బంది లేదు గనక అబద్ధాలు బాగా సాగాయి. క్షమించమనడం, మన్నించమనడం మాత్రం కుదరలేదు. కాళ్ళు తొక్కినవాళ్ళు తొక్కి ఊరుకున్నారు. మీ ఆఫీసులో ఈ ఆట ఎప్పటినుంచో ఉన్నట్టుంది.

నేనూ పొద్దున ప్రార్థన అలాగే చేసి చూశాను. "ప్రభూ, దయ చూడు" దాకా సాఫీగా వచ్చింది. తప్పులు ఒప్పుకునే చోట ఆగిపోయాను. ఆ రోజుకి అవి అలాగే ఉండిపోయాయి.

గెలిచింది నీ కూతురు. మిగతా పిల్లలకి ఆట ఒక్క రోజే. అది ఇంకా ఆడుతూనే ఉంది. నన్ను పెద్దమ్మా అనలేక "ఏవండీ" అంటోంది. ఈ వయసులో నాకా పిలుపు కొత్త.

నిన్న తలుపు సందులో దాని వేలు పడింది. "అబ్బా" అంది. ఆలోచించి అంది.

ఆదివారం పొద్దున్నుంచీ గేటు దగ్గర కూర్చుంది. సాయంత్రం లోపలికి వచ్చి "బస్సు రాలేదు" అంది. అందులోనూ "మ" లేదు.

మృగం మింగిన మాటలు ఎక్కడికి పోతాయని పిల్లలు అడుగుతున్నారు. ఏడు వందల పేజీల్లో జవాబు దొరకలేదు. రచయితగారిని అడుగు.

అక్క


మే 23

అక్కకి,

పాప గెలిచిందా! ఉత్తరం పట్టుకుని ఆఫీసంతా తిరిగాను. నివేదికలో "భాషా సంయమనం: నూటికి నూరు" అని రాసుకున్నాను. ఆట అయిపోయినా ఆపలేదంటే ఎంత పట్టుదల! అది మాత్రం నా పోలికే.

బస్సు రాలేదంటే నువ్వెందుకు చెప్పలేదు దానికి, బస్సు కాదు, నాకే వీలవలేదని? పాపం బస్సుని అనవసరంగా అంటోంది.

రచయితగారిని అడిగాను. మింగిన మాటలు ఎక్కడికి పోతాయన్నది రెండో భాగంలో వస్తుందట. రెండో భాగంలో ఏముందండీ అంటే, ఇంకా రాయలేదన్నారు.

మొన్న గ్రంథాలయం నుంచి పాప ఫోను చేసింది. సరిగ్గా అప్పుడే డైరెక్టరుగారు నా గదిలోకి వచ్చారు, ఇకనుంచి ఆదివారాలు కూడా రాగలవా అని అడగడానికి. "ఒక్క నిమిషం" అని పాపతో చెప్పి, ఫోను బల్ల మీద పెట్టి, ఆయనతో మాట్లాడి చూసేసరికి లైనులో ఎవరూ లేరు. మళ్ళీ చేద్దామనుకుంటూనే సాయంత్రం అయిపోయింది. ఏం చెప్పాలనుకుందో కనుక్కో.

ఇంకోమాట. నీ ఉత్తరాల్లో ఎత్తిపొడుపు ఉందని గైడ్ల విభాగం ఆయన అంటున్నాడు. నేను మండిపడ్డాను. మా అక్క ప్రార్థనలు చేసుకునే మనిషి, అలాంటివి దానికి రావు అన్నాను.

నీ చెల్లెలు,
డిప్యూటీ మేనేజరు, బాలల విభాగం


మే 28

పిచ్చుకకి,

ఆశీస్సులు. గైడ్ల విభాగం ఆయన్ని జాగ్రత్తగా చూసుకోండి. మీ ఆఫీసులో చదివేవాడు ఒకడున్నాడు.

రెండో భాగం రాయక్కర్లేదని రచయితగారితో చెప్పు. మింగిన మాటలు ఎక్కడికి పోతాయో తేలిపోయింది. తేల్చింది నీ కూతురు.

పెద్దవాళ్ళు దేన్నయినా వద్దనుకుంటే దాని వెనక ఒక "గి" తగిలిస్తారట. "బొమ్మలూ గిమ్మలూ తీసెయ్యి." "కథలూ గిథలూ చాలు, పడుకో." బొమ్మ ఇక్కడే ఉంటుంది, కనబడుతూ ఉంటుంది. మరి గిమ్మ ఎక్కడికి పోయింది? మృగం పొట్టలోకి. అక్కడ ఒక దేశం ఉంది. మనం వద్దన్నవన్నీ అక్కడ బతుకుతూ ఉంటాయి. దాని పేరు గి దేశం.

అంతే, బల్ల మీద కాగితాలు చాల్లేదు. పాలు ఇక్కడ, గీలు అక్కడ. గీలు నల్లగా ఉంటాయట, తాగమని ఎవరూ బతిమాలరు. బడికి గిడి. దానికి పిల్లలు వెళ్ళరు, టీచర్లే వచ్చి పాఠం అప్పజెప్పి పోతారు. గిస్తకం చదువుతూ ఉంటే వెనకాల పేజీలు పెరుగుతాయి. మీ నవల తిరగేసి ఇదేనా అని అడిగారు, కాదన్నాను. గిద్యోగం బొమ్మ కూడా గీశారు. అందులో కుర్చీ మనిషి మీద కూర్చుని ఉంది.

బేకరీ ఆయన కూతురు చాలాసేపు ఆలోచించి, "టీచర్, గిన్నెకి ఏం పెడతాం?" అంది. గిన్నెకి గి పెడితే గిన్నే. అంటే గిన్నె ముందే అక్కడినుంచి పారిపోయి వచ్చేసిందన్నమాట. గింజ, గిలక, గిట్ట, అన్నీ అలా వచ్చినవే. అప్పటినుంచి మా వంటింట్లో గిన్నెలకి మర్యాద పెరిగింది. "అయితే తిరిగి రావడానికి దారి ఉంది" అన్నాడు టైలరు మనవడు.

ఆ దేశంలో ఒక పిల్ల ఉంటుంది. పేరు గిల్ల. గేటు దగ్గర కూర్చుని, మనం వద్దన్న సామానంతా దింపుకుంటూ ఉంటుంది. ఇది కూడా నీ కూతురి కల్పనే. ఈ పేరు నీకెలా తట్టిందే అన్నాను. "తట్టలేదు, విన్నా" అంది.

నేను ఇంకేమీ అడగలేదు. నువ్వు అడుగు. ఫోనులో కాదు, వచ్చి అడుగు.

అక్క


జూన్ 1

అక్కా!

గిల్ల! గిల్ల! గిల్ల!

డైరెక్టరుగారు నీ ఉత్తరం నిలబడే చదివారు. ఆయన నిలబడి చదవడం ఈ సంస్థలో ఎవరూ చూడలేదు. కూర్చుని చదవడం కూడా చూడలేదనుకో. చదివి, గిల్ల గిల్ల అని అరుచుకుంటూ వరండాలో అటూ ఇటూ తిరిగారు. కృత్యాల పుస్తకం మొత్తం గిల్ల చుట్టూ తిరగాలని తేల్చారు. ప్రతి పేజీలో గిల్ల. స్టిక్కర్ల మీద గిల్ల, టోపీల మీద గిల్ల. నిలువెత్తు అట్టబొమ్మలు అప్పుడే తయారయ్యాయి, మా మెట్ల దగ్గర ఒకటి పెట్టారు. దాని కింద "గిల్ల వస్తే ఇల్లంతా గలగల" అని రాశారు. అది నేనే రాశాను.

రచయితగారు గిల్ల ఆయన మనసు అడుగున ఎప్పటినుంచో ఉందనీ, బయటికి రావడమే ఆలస్యమనీ అంటున్నారు. అందుకని సంస్థ ముందుజాగ్రత్తగా, "గిల్ల మా సంస్థ సొత్తు" అని లోపలి అట్ట మీద వేస్తోంది. లేకపోతే రేపు ఎవరైనా వచ్చి మాది అంటారు కదా.

నీ చివరి వాక్యం కూడా వాడుకుంటున్నాం. "ఫోనులో కాదు, వచ్చి అడగండి: గిల్ల!" పుస్తకాల దుకాణాలకి పంపే ప్రకటన అది. నీలో ఇంత వ్యాపారం ఉందని నాకు తెలీదు.

పాప ఎంత తెలివిగలది! దాన్ని గట్టిగా ముద్దు పెట్టుకున్నానని చెప్పు. ఒక చిన్న పని ఉంది. మొదటి పేజీలో "గిల్ల ఎలా పుట్టింది" అని నాలుగు మాటలు కావాలి. అది నోటితో చెబితే నువ్వు రాసి పంపు. పిల్లల భాషలోనే ఉండాలి, మేం దిద్దుకుంటాం.

పుస్తకావిష్కరణ పద్నాలుగున. ఆ మర్నాడే బడులు తెరుస్తారు. నేను వేదిక మీద ఉండాలి గనక పాపని తీసుకు రావడానికి నాకు కుదరదు. డ్రైవర్ని పంపుతాను, సంతకం తీసుకుని పంపించు.

నీ చెల్లెలు,
(రెండు వారాలాగితే ఇక్కడ కొత్త ముద్ర)


జూన్ 5

పిచ్చుకకి,

ఆశీస్సులు. గిల్ల ఎలా పుట్టిందని అడిగాను. చెప్పింది. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఫోను చేశాను. కాసేపు ఆగాలన్నారు. ఆగాను. నేను పెట్టెయ్యలేదు, అక్కడా పెట్టెయ్యలేదు. ఇంకొకాయన గొంతు వినపడింది. ఇంట్లో పాప ఉంది కదా, ఆదివారాలు ఎలా వస్తావు అన్నాడు. 'పిల్లా గిల్లా నాకు అడ్డు కాదండీ, ఆదివారం తప్పకుండా వస్తాను' అని జవాబు. అప్పుడు పెట్టేశాను. ఆదివారం ఇక్కడికి రాలేదు, అక్కడికి వెళ్ళారు. పిల్ల అంటే నేను. గిల్ల ఎవరా అని ఆలోచించాను. గిల్ల కూడా నేనే. అక్కడ ఉంటే ఎవరి కోసం చూడక్కర్లేదు. వద్దన్నవన్నీ వాటంతటవే వస్తాయి."

ఇందులోనూ "మ" లేదు. కావాలంటే వెతుక్కో.

మొదటి పేజీలో వేసుకోండి. పిల్లల భాషలోనే ఉంది. నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

డ్రైవర్ని పంపకు. ఈసారి సంతకం పెట్టను.

అక్క


జూన్ 8

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులోనే విప్పాను. అలవాటు కొద్దీ డైరెక్టరుగారి ముందు పైకి చదవడం మొదలుపెట్టాను. మధ్యలో ఆపేశాను. "ఆపావేం, కదిలించేలా ఉంది, అదే మొదటి పేజీ" అన్నారాయన. అందులో ఉన్న "ఇంకొకాయన" తనే అని ఆయనకి తట్టలేదు.

గిల్లని తీసేద్దామండీ అన్నాను. ఎందుకంటే చెప్పాను. "ఫీలింగులూ గీలింగులూ చూసుకుంటే వ్యాపారం గీపారం సాగదమ్మా" అన్నారు. ఆ దేశానికి రాజు ఎవరో తెలిసింది అక్కా.

నేనా మాట అన్నట్టు కూడా గుర్తులేదు. అదే భయంగా ఉంది. నోటికి వచ్చేసింది, అంతే. ఇవాళ కాస్త చూసుకుంటూ మాట్లాడదామనుకున్నాను. టీ గీ, సెలవు గిలవు, జ్వరం గిరం, ఊరికే వస్తూనే ఉన్నాయి. "మొన్న మీ అక్కని కూడా అన్నారండీ, అక్కా గిక్కా ఏమీ అనుకోదు అని" అన్నాడు గైడ్ల విభాగం ఆయన. నీ ఉత్తరాల్లో ఎత్తిపొడుపు ఉందన్నది నిజమే కదూ? అన్నీ మళ్ళీ తీసి చదివాను. మొదటి ఉత్తరం నుంచీ ఉంది.

చివరి ప్రూఫులు నా బల్ల మీద ఉన్నాయి. రేపు పొద్దున్నే అచ్చుకి పోవాలి. పద్నాలుగున నేను వేదిక మీద లేకపోతే ఆ కుర్చీ నాది కాదు. పాప దగ్గరికి వస్తే అది నా మొహం చూస్తుందో లేదో తెలీదు.

ఏం చెయ్యమంటావు?

పిచ్చుక


జూన్ 11

పిచ్చుకకి,

రా.

అక్క


జూన్ 17

అక్కా,

క్షేమంగా చేరాం. బడి కూడా తెరిచారు. నువ్వు కిటికీలోంచి చూశావని తెలుసు, కానీ మాటలు నీకు వినబడి ఉండవు. అందుకని రాస్తున్నాను.

పద్నాలుగున నేను బస్సు దిగి వచ్చేసరికి పాప గేటు దగ్గరే కూర్చుని ఉంది కదా. లేవలేదు. నన్ను కిందికీ పైకీ చూసి, "ఏం దింపాలి?" అంది.

నాకొక్క క్షణం అర్థం కాలేదు. నేను ఆ దేశానికి వచ్చిన సామానునన్నమాట. చేతిసంచి కింద పెట్టి, "గిమ్మని. అమ్మా గిమ్మా ఎవరికీ అక్కర్లేదన్నారు, ఇక్కడ దింపుకుంటారేమో అని వచ్చాను" అన్నాను. పాప గేటు మెట్టు మీద కాస్త పక్కకి జరిగింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. నేనేం అడిగినా తలూపుతోంది. సరే, దాని ఆట దాని ఆటలోనే ఆడదామనుకున్నాను. క్షమాపణ కుదరదని నువ్వు రాశావు కదా, ఊళ్ళకి ఊళ్ళు దాటాయి, నేను మాటలు వెతుక్కుంటూనే ఉన్నాను. ఈ పని చేసి ఇన్నేళ్ళు జీతం తీసుకున్నానని అప్పుడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. చివరికి, "నేను అన్నది తప్పు. ఆదివారాలు నీవి" అన్నాను. అది పెదాలు కదుపుతూ ఒక్కొక్క అక్షరం సరిచూసుకుంది. "లేదు" అంది. "మ" లేదని.

అంతలో బస్సు గోతిలో పడి ఎగిరింది. దాని నుదురు కిటికీ చువ్వకి కొట్టుకుంది.

"అమ్మా!"

అని, వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుంది. "ఓడిపోయావు" అన్నాను. "తెలుసు" అంది. చాలాసేపటికి నా ఒళ్ళో తల పెట్టుకుని, "పెద్దమ్మకి రాయి, ఓడిపోయానని" అంది. అందుకే ఈ ఉత్తరం. బొప్పి కట్టింది, ముద్దుగా ఉంది.

అధిపతి పదవి గిదవి అయిపోయింది. వేదిక మీద నేను లేను గనక గైడ్ల విభాగం ఆయనకిచ్చారు. మొన్న కొత్త గదిలోకి పిలిచి "బాగున్నారా" అన్నాడు. అని, జవాబు కోసం ఆగాడక్కా. ఈ ఆఫీసులో అది నాకు కొత్త.

పిచ్చుక


జూలై 3

పిచ్చుకకి,

ఆశీస్సులు. ఓటమి వార్త అందింది. పిల్లలకి చదివి వినిపించాను, ఆట ముగిసిందని ఒప్పుకున్నారు. బేకరీ ఆయన కూతురు బొప్పి మీద పెట్టమని ఒక బన్ను ఇచ్చింది. పోస్టులో పంపలేక తిన్నాను.

మీ కృత్యాల పుస్తకం గ్రంథాలయానికి వచ్చింది. అట్టబొమ్మ కూడా వచ్చింది. పంకా గాలికి ఊగుతోందని కవలలు దాన్ని గోడకి తిప్పి పెట్టారు. వెనక అట్ట మీద గ్రంథపాలకురాలి మాట చూశాను. "కాలకృత్యం కాదు" కూడా చూశాను.

అట్టబొమ్మ కింద "గిల్ల వస్తే ఇల్లంతా గలగల" అని ఉంది. పుస్తకంలో "పిల్ల వస్తే ఇల్లంతా గలగల" అని ఉంది. మొదటి నుంచి చివరి దాకా వెతికాను. గిల్ల ఎక్కడా లేదు. ప్రతి చోటా పిల్లే. ఫోను సంగతి కూడా లేదు. చివరి ప్రూఫులు ఎవరి బల్ల మీద ఉన్నాయో నాకు గుర్తుంది.

డైరెక్టరుగారు కనిపెట్టలేదంటే ఆశ్చర్యం లేదు, ఆయన పుస్తకం విప్పి ఉండరు. గైడ్ల విభాగం ఆయన విప్పి, చూసి, ఊరుకుని ఉంటారు. ఆయన పేరు రాసి పంపు. ఈసారి ప్రార్థనలో "ఆయన" అని సరిపెట్టను.

ఒక్కటి మిగిలిపోయింది. అన్నిచోట్లా మార్చావు గనక లోపలి అట్ట మీద కూడా మారింది. "పిల్ల మా సంస్థ సొత్తు" అని అచ్చయింది.

కాదని చెప్పు. కాగితం మీద కాదు. ఆదివారం ఇంట్లో కూర్చుని.

అక్క